ఒకే షట్టరు, ఐదు పూతలు: తిరుపతి వీధిలో హచ్ గుర్తు వీ అయిన తీరు

2020 అక్టోబరులో తిరుపతి తీర్థకట్ట వీధికి ఆనుకొని ఉన్న ఒక సందులో, సెల్‌ఫోన్ రీఛార్జ్ దుకాణం షట్టరు మీద కొత్త గుర్తు వేసే పని మా వర్క్‌షాపుకు వచ్చింది. పాత పూత పెచ్చులు లేచి ఉండడం వల్ల దాని మీదనే మళ్లీ రంగు వేస్తే నిలవదని, ముందు గోకి, ఉప్పుకాగితం పట్టి, తుప్పు ఆపే అడుగుపూత రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టిన తరువాతే పని మొదలుపెట్టాలని నిర్ణయించాము. ఇనుప పట్టెతో ఒక మూల గోకుతుంటే పైనున్న ఎరుపు కింద గులాబీ, గులాబీ కింద నారింజ, అన్నిటికీ అడుగున ఎస్టీడీ బూతు నాటి పసుపు వరుసగా బయటపడ్డాయి. అరచేయంత చోటులో నాలుగు రంగులు కనిపించాయి. ఆ రోజు మేము వేయబోతున్నది ఐదవది. ఆ నాలుగింటిలో మూడు, హచ్‌గా మొదలై వొడాఫోన్ అయిన ఒకే సెల్‌ఫోన్ నెట్‌వర్కు ఒకదాని తరువాత ఒకటిగా వేసుకున్న వేషాలు.

ఆ షట్టరు పనిని, దాని కారణంగా నేను నేర్చుకున్న విషయాలను, అందులో నేను చేసిన పొరపాటును ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. కంపెనీ ప్రధాన కార్యాలయంలో గుర్తు ఎలా పుడుతుందో చెప్పే రాతలు చాలా ఉన్నాయి. ఆ గుర్తు మన వీధిలోకి వచ్చి, మన లిపిలో, మన ఎండలో, మన దుకాణాల మధ్య నిలబడినప్పుడు దానికి ఏమవుతుందో రాసినవారు నాకు పెద్దగా కనిపించలేదు. మా నాన్నగారు చిత్తూరులో బోర్డులు రాసే పెయింటరు. నేను ఆయన దగ్గర కుంచె పట్టడం నేర్చుకొని, తరువాత తిరుపతికి వచ్చి, గోడరాత నుంచి ఫ్లెక్స్‌కు, ఫ్లెక్స్ నుంచి ఏసీపీ (అల్యూమినియం పలక) షీటు బోర్డులకు మారినవాణ్ణి. అందువల్ల ఈ విషయాన్ని నిచ్చెన మీద నిలబడి చూసినవాడి కోణం నుంచే చెప్పగలను.

గుర్తు మారిన క్రమం

మన రాష్ట్రంలో ఈ నెట్‌వర్కు హచ్ అనే పేరుతోనే జనానికి పరిచయమైంది. ముంబైలో అదే సంస్థ సేవలు చాలాకాలం ఆరెంజ్ అన్న పేరుతో నడిచాయి. హచ్ బోర్డులలో మొదట కనిపించిన నారింజ రంగుకు ఆ బంధుత్వమే మూలం. ఆ రంగును వదలి హచ్ గులాబీకి మారింది. 2007 ఫిబ్రవరిలో హచ్‌లో హాంకాంగ్ సంస్థ హచిసన్‌కు ఉన్న వాటాను సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొనేందుకు బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్ ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 21న దేశమంతటా హచ్ పేరు తొలగి వొడాఫోన్ ఎరుపు వచ్చింది.

మరొక పాయ ఐడియాది. ఆంధ్రప్రదేశ్‌లో టాటా సెల్యులార్‌గా మొదలైన నెట్‌వర్కు, బిర్లా, ఏటీ అండ్ టీ సంస్థల నెట్‌వర్కులతో కలిసి 2002లో ఐడియా అయింది. పసుపు రంగు దాని సొత్తు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చిన తరువాత ధరల పోటీ తట్టుకోవడం కష్టమై, వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. విలీనం 2018 ఆగస్టు 31న పూర్తయింది. అయినా బోర్డుల మీద రెండు పేర్లూ రెండేళ్లపాటు విడివిడిగానే ఉన్నాయి. 2020 సెప్టెంబరు 7న రెండింటి మొదటి అక్షరాలు కలిపి వీ అనే కొత్త పేరు ప్రకటించారు. దానిని ఆంగ్లంలో మనము అనే అర్థం వచ్చే మాటలా పలకాలని సంస్థే చెప్పింది. వొడాఫోన్ ఎరుపు, ఐడియా పసుపు పక్కపక్కన నిలిచాయి.

చరిత్ర ఇంతే. వీధిలో జరిగింది దీనికంటే ఎక్కువ.

గులాబీ చేసిన పని

నేను గీసిన గుర్తులలో వీధికి అన్నిటికంటే బాగా సరిపోయినది గులాబీ హచ్ అని ఈనాటికీ నా అభిప్రాయం. అందుకు కారణం డిజైను గొప్పతనం ఒక్కటే అనుకోను. అప్పటి తిరుపతి బజారును ఒకసారి గుర్తు చేసుకోండి. ఎస్టీడీ బూతులు పసుపు. మందుల దుకాణాలు ఆకుపచ్చ, ఎరుపు. పూజా సామగ్రి దుకాణాలు ఎరుపు, పసుపు. బీఎస్ఎన్ఎల్ నీలం. ఎయిర్‌టెల్ ఎరుపు. ఆ వరుసలో ముదురు గులాబీ ఎవరిదీ కాదు. లీలామహల్ సర్కిల్ దగ్గర బస్సులో కూర్చున్న మనిషి పేరు చదవకుండానే, వంద గజాల దూరం నుంచి అది ఏ నెట్‌వర్కు దుకాణమో చెప్పగలిగేవాడు.

తిరుపతిలో ఇది మరింత ముఖ్యం. ఇక్కడ వీధిలో నడిచేవారిలో చాలామంది తెలుగు చదవలేరు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికుడు దర్శనం లైనులోకి వెళ్లేముందు ఫోనులో డబ్బులు వేయించుకోవాలంటే బోర్డు మీది రంగునే నమ్ముకోవాలి. ఆర్టీసీ బస్టాండు దగ్గర దిగిన తమిళ కుటుంబంలోని పెద్దావిడ, దుకాణం పేరుతో ఏ పనీ లేకుండా, ఆ రంగు వైపు చెయ్యి చూపి "అంద కడై" (ఆ దుకాణం) అంటూ మనవణ్ణి లాక్కుపోవడం నేను నిచ్చెన మీద నుంచి చూశాను.

పేరు కూడా అంతే అనువైనది. హచ్ అన్నది తెలుగులో రెండే అక్షరాలు. పైన తలకట్టు, చివర పొల్లు తప్ప మరే గుణింతమూ లేదు. కింద వత్తు లేదు. ఎనిమిది అడుగుల షట్టరు మీద మూడడుగుల ఎత్తు అక్షరాలు వేసినా ఊపిరాడేంత ఖాళీ మిగిలేది. కుంచె పట్టినవారికి ఆ ఖాళీ విలువ తెలుసు.

2007: ఎరుపు వచ్చిన రోజులు

మార్పును ప్రజలకు చెప్పిన పద్ధతి మాత్రం మెచ్చుకోదగినది. హచ్ ప్రకటనల ద్వారా దేశమంతా ఎరిగిన కుక్కపిల్లనే తీసుకొని, గులాబీ రంగు గూటి నుంచి ఎర్ర రంగు గూటికి మారినట్టు చూపించారు. ఓగిల్వీ అనే ప్రకటనల సంస్థ చేసిన ఆ ప్రకటనలో కొత్త పేరు ఎందుకు వచ్చిందన్న ఉపన్యాసం లేదు. చూసేవారికి ముందే తెలిసిన ప్రాణి ఒకటి కొత్త రంగులోకి నడిచి వెళ్లింది. పాతదాన్ని చేతపట్టుకొని కొత్తదాన్ని పరిచయం చేయడమంటే ఇదే. టీవీ ఉన్న ఇంట్లో ఎవరికీ తికమక కలగలేదు.

గోడమీద కథ వేరు. వొడాఫోన్ గుర్తు ఆంగ్ల రాతలో మాటలకు ముందు పెట్టే కొటేషన్ గుర్తు ఆకారంలో ఉంటుంది. మాట్లాడడమనే భావం దానిలో ఉంది. 2007 నాటికి దానిని ఉబ్బెత్తుగా, మీద వెలుగు పడినట్టు, అంచుల్లో నీడ ఉన్నట్టు చూపేవారు. కంప్యూటరు తెర మీద, పత్రికలో, అది ఇంపుగానే ఉంటుంది. సున్నం కొట్టిన ఇటుక గోడ మీద, ఎండలో, ఎనామిల్ రంగుతో ఆ వెలుగునీడలు కలపడం వేరే పని. రంగు తడి ఆరకముందే ఒక ఎరుపులోకి మరొక ఎరుపును మెత్తని కుంచెతో లాగాలి. రేణిగుంట రోడ్డులో పదకొండు గంటలకు గోడ వేడెక్కాక రంగు కుంచె నుంచి దిగుతూనే ఆరిపోతుంది. ఒక గుర్తు వేయడానికి హచ్‌కు పట్టిన సమయానికి రెండింతలు పట్టేది.

మేము అనుసరించిన పద్ధతిని కొంత వివరిస్తాను, ఎందుకంటే ఈ తరం పనివారిలో చాలామంది దానిని చూసి ఉండరు. పెద్ద కాగితం మీద గుర్తును అసలు కొలతకు గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా బొక్కలు పొడిచేవాళ్లం. ఆ కాగితాన్ని గోడకు అద్ది పట్టుకొని, పలుచని గుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూటతో మీద తడితే, బొక్కల గుండా పొడి దిగి గోడ మీద చుక్కల గీత పడేది. అక్షరాల వరుస వంకరపోకుండా నీలిపొడి అద్దిన దారాన్ని రెండు వైపులా బిగించి, మధ్యలో లాగి వదిలేవాళ్లం. ఇలా ఒక కాగితం పదిహేను ఇరవై గోడలకు పనికివచ్చేది. వొడాఫోన్ బొట్టుకు బయటి గీత ఇలాగే దించవచ్చు. లోపలి నీడ మాత్రం ఏ కాగితమూ దించదు. అది పెయింటరు చేతిని బట్టి, గోడ గోడకూ మారిపోయేది. మా కుర్రవాళ్లు దానిని తోకబొట్టు అని పిలిచేవారు. చంద్రగిరి దగ్గర వేసిన తోకబొట్టు మామిడికాయలా, పాకాల దారిలో వేసినది నీటిచుక్కలా కనిపించేది.

రెండు మూడు వారాల తరువాత నేను నీడలు వేయడం మానేసి, చదునైన ఒకే ఎరుపుతో గుర్తు నింపమని మా వాళ్లకు చెప్పాను. పల్లె గోడల మీద అదే అన్నిటికంటే స్పష్టంగా నిలిచింది. 2017 అక్టోబరులో వొడాఫోన్ తన గుర్తును ప్రపంచమంతటా చదును చేసి, వెలుగునీడలు తీసివేసింది. వారి కారణాలు ఫోను తెరకు సంబంధించినవి. చిన్న తెర మీద సూక్ష్మమైన నీడలు నిలవవు. పెద్ద గోడ మీద కూడా అవే నిలవవు అన్నది మాకు పదేళ్ల ముందే కుంచె చెప్పింది. గుర్తును పరీక్షించేందుకు తెరతో పాటు ఒక గోడనూ ఒక పెయింటరునూ పెట్టుకోవాలన్న నా పట్టుదల అక్కడ మొదలైంది.

పేరు రాయడంలో ఇబ్బంది ఇంకా లోతైనది. వొడాఫోన్ అన్న మాటలో ఒకారం, ఆకారం, ఓకారం, పొల్లు, అన్నీ అక్షరాల నెత్తి మీదే కూర్చుంటాయి. కింది వైపు ఒక్క వత్తు కూడా లేదు. కాబట్టి మాట మొత్తం పైకి బరువై, కింద బోసిగా కనిపిస్తుంది. ఆంగ్లంలో ఒకే వరుసలో ఒదిగే పేరు తెలుగులో ఒకటిన్నర వరుస ఎత్తు అడుగుతుంది. బోర్డు కొలత మాత్రం ఆంగ్ల పేరుకు తగ్గట్టు ముందే ఖాయమై వస్తుంది. అప్పుడు పెయింటరు చేసేది అక్షరాలను నొక్కి పొట్టి చేయడమే. తెలుగు అక్షరాన్ని నొక్కితే డ, ద ఒకటిలా కనిపిస్తాయి. ఒకారం, ఓకారం తేడా పోతుంది.

దానికి తోడు పలుకుబడి. వకారానికి ఒకారం చేర్చి మాట మొదలుపెట్టడం మన నాలుకకు సహజం కాదు. అందుకే ఊళ్లలో ఓడాఫోన్ అన్నారు. పుత్తూరు నుంచి పీలేరు దాకా గోడల మీద వొడాఫోన్, వోడాఫోన్, ఓడాఫోన్ అని మూడు రకాలుగానూ రాసి ఉండేది. అందులో కొన్ని మా చేతి రాతలే. ఇది తప్పు అని ఎవరూ మాకు చెప్పలేదు, ఎందుకంటే తెలుగు రూపం ఏదో ఎవరి దగ్గరా కాగితం మీద లేదు. దుకాణాల బోర్డుల మీద తెలుగు ఉండాలన్న నిబంధన మన రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉంది. ఆ తెలుగు ఎలా ఉండాలో గీసి ఇచ్చే అలవాటు మాత్రం, ఏ కంపెనీ పని తీసుకున్నా, నాకు చాలా అరుదుగా ఎదురైంది.

రెండు ఎరుపుల బజారు

గులాబీ పోయి ఎరుపు రావడం వల్ల కలిగిన నష్టం మూడేళ్ల తరువాత స్పష్టపడింది. 2010 నవంబరు 18న ఎయిర్‌టెల్ తన గుర్తును మార్చింది. ఆంగ్లంలో చిన్న బడి అక్షరాలతో పేరు, దాని మీద అల వంటి వంపు, రంగు మళ్లీ ఎరుపే. ఏఆర్ రెహమాన్ పాత బాణీని కొత్తగా మలచి ఇచ్చాడు. ఎయిర్‌టెల్‌కు ఎరుపు ముందునుంచీ ఉన్నదే కనుక, వినియోగదారుడి కంటికి తెలిసినది చేజారలేదు; ఆకారం మాత్రమే కొత్తది. తెలిసినదాన్ని ఒకటి ఉంచి, ఒకటి మార్చారు.

వొడాఫోన్ ఎరుపు ఆ ఎరుపు పక్కన నిలబడవలసి వచ్చింది. గాంధీ రోడ్డులో పక్కపక్కన ఉన్న రెండు దుకాణాలకు రెండు నెట్‌వర్కుల బోర్డులు వేసినప్పుడు, దూరం నుంచి చూస్తే ఎర్రటి పట్టీ ఒకటే ఉన్నట్టు తోచేది. కుక్కపిల్ల, 2009 ఐపీఎల్ సమయంలో వచ్చిన తెల్లటి జూజూ బొమ్మలు టీవీలో ఆ లోటును తీర్చాయి. వీధి బోర్డుకు బొమ్మలు ఉండవు. పోస్టర్లు వారం తిరిగేసరికి చినిగిపోతాయి. బోర్డుకు మిగిలేవి రంగు, ఆకారం, అక్షరం. వాటిలో రంగు అప్పటికే పక్కవాడితో పంచుకున్నది.

నా మొదటి ప్రయత్నం, నా తప్పు

ఇక 2020 అక్టోబరు పనికి వస్తాను. కరోనా వల్ల దర్శనాల సంఖ్య తగ్గి ఊరు పలుచబడి ఉన్న రోజులవి. గంటకు వందమంది నడిచే సందులో పదిమంది కూడా లేరు. దుకాణదారు నాకు పాతికేళ్లుగా తెలిసినవాడు. ఎస్టీడీ బూతు నడిపిన రోజుల నుంచి ఇదే షట్టరు. కొత్త గుర్తు నమూనా చూడగానే అతను వేసిన ప్రశ్న నాకు గుర్తుంది.

"ఏంనా, పేరు మార్చినారా, కంపినీనే మూసేసినారా? పొద్దున్నుంచి నలుగురు అడిగినారు నన్ను."

రెండు కంపెనీలు కలిసి కొత్త పేరు పెట్టుకున్నాయని, సిమ్ము, నంబరు అన్నీ పాతవే పనిచేస్తాయని చెప్పాను. "అదే బోర్డు మీద రాయినా," అన్నాడు. ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు. అది నా తప్పులలో మొదటిది.

రెండవది రంగుల అమరికలో జరిగింది. గుర్తులో ఎరుపు, పసుపు ఉన్నాయి కనుక షట్టరు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు పసుపు నింపి, మధ్యలో ఎర్రటి అక్షరం, చుట్టూ ఎర్రటి అంచు వేశాను. పని పూర్తయ్యాక సాయంత్రం సందు మొదట్లో నిలబడి చూస్తే దుకాణం కనిపించలేదు. నిజంగానే కంటికి అందలేదు. ఆ సందులో అటు మూడు, ఇటు నాలుగు పూజా సామగ్రి దుకాణాలు. గుట్టలుగా పసుపు, కుంకుమ, ఎర్రంచు పసుపు గుడ్డలు, గడపలకు పసుపు పూసి కుంకుమ బొట్లు. తిరుపతి పాత వీధులలో పసుపు మీద ఎరుపు అంటే అది గడప రంగు, అమ్మవారి రంగు. గంగమ్మ జాతరలో ఊరంతా పూసుకునే రంగు. కన్ను దానికి అలవాటుపడి దాటిపోతుంది. సెల్‌ఫోన్ కంపెనీ బోర్డును నేను ఒక పెద్ద గడపగా మార్చి పెట్టాను.

మర్నాడు ఉదయం దుకాణదారుకు ఈ మాట చెప్పి, నా ఖర్చు మీద మళ్లీ వేస్తానన్నాను. రెండవసారి షట్టరు నేల, అంటే గుర్తు వెనుక రంగు, తెలుపు. గుర్తుకు చుట్టూ, దాని ఎత్తులో సగమంత తెల్లని ఖాళీ వదిలాను. పసుపును గుర్తు లోపలికే పరిమితం చేశాను, నేలకు ఎక్కడా వాడలేదు. అంచులు తీసేశాను. రంగురంగుల సందులో తెల్లని చతురస్రం ఒకటి ఏర్పడి, దాని మధ్యలో గుర్తు నిలిచింది. గుర్తుల వాడకానికి సంబంధించిన ప్రతి నియమావళిలోనూ చుట్టూ ఖాళీ వదలాలని ఉంటుంది. దానిని అందం కోసం చెప్పిన మాటగా ఇన్నేళ్లూ తీసుకున్నాను. ఆ సందులో అది కనబడడం, కనబడకపోవడం మధ్య తేడా అయింది.

ఒంటరి అక్షరం

పేరు రాయడం దగ్గర మరొక కొత్త చిక్కు వచ్చింది. హచ్ రెండక్షరాలు, వొడాఫోన్ నాలుగు, ఐడియా మూడు. వీ ఒక్కటే అక్షరం. ఎనిమిది అడుగుల షట్టరు మీద ఒంటరి అక్షరం ఎలా కనిపిస్తుందో వేసి చూస్తే కానీ తెలియదు. తెలుగు పాఠకుడి కంటికి ఒక్క అక్షరం ఒక మాటగా తోచదు. మొదటి అక్షరం రాసి పెయింటరు భోజనానికి వెళ్లినట్టు ఉంటుంది. అది హ్రస్వమా, దీర్ఘమా అన్న సందేహం కూడా ఉంది. వి అని రాస్తే ఇంటిపేరు పొడి అక్షరంలా ఉంటుంది. సంస్థ చెప్పిన ఉచ్చారణకు దీర్ఘమే సరైనది కనుక వీ అని ఖాయం చేసుకున్నాను.

ఇంకొక విషయం ఆకారానికి సంబంధించినది. ఆంగ్ల అక్షరం రెండు గీతలు కింద కలిసే కోణం. గుర్తు బలమంతా ఆ కోణంలోనే ఉంది. మన వకారం గుండ్రన. ఆంగ్ల గుర్తులోని గీతల వాలును తెచ్చి తెలుగు వకారాన్ని కోణంగా గీస్తే అది వకారంగా చదవబడదు. మూడు రోజులు కాగితాల మీద ప్రయత్నించి, చివరకు ఆకారం జోలికి పోకుండా, గీత మందాన్ని మాత్రం ఆంగ్ల గుర్తు నుంచి తీసుకున్నాను. ఆ గీత ఎంత లావుందో తెలుగు అక్షరం గీత అంతే లావు, చివరలు అంతే గుండ్రంగా. గుడి దీర్ఘపు చుట్టను మాత్రం కొంచెం పెద్దది చేసి, దూరం నుంచి హ్రస్వమని పొరపడకుండా చూశాను. రెండు లిపులూ ఒకే చేతి రాతలా ఉండాలంటే పోలిక ఆకారంలో వెతకనక్కర్లేదు, బరువులో వెతికితే దొరుకుతుందని అప్పుడు తెలిసింది.

దుకాణదారు మొదటి రోజు అడిగినదానిని ఈసారి అమలుచేశాను. గుర్తు కింద, ఆరంగుళాల అక్షరాలతో "వొడాఫోన్, ఐడియా సిమ్‌లకు ఇక్కడే రీఛార్జ్" అని రాశాను. కుక్కపిల్ల 2007లో టీవీలో చేసిన పనిని ఈ ఒక్క వాక్యం ఆ షట్టరు మీద చేసింది. పాతదాని చెయ్యి పట్టుకొని కొత్తది నిలబడింది. "కంపినీ మూసేసినారా" అన్న ప్రశ్న తగ్గిపోయిందని అతను తరువాత చెప్పాడు. ఈనాటికీ పల్లెల నుంచి వచ్చేవారిలో పెద్దవారు ఐడియా కార్డు అనే అడుగుతారు. అందులో తప్పేమీ లేదు, వారి చేతిలో ఉన్న సిమ్ము మీద అదే పేరు ఉంది.

ఎండ, సిరా

గోడరాత తగ్గి ఫ్లెక్స్ వచ్చాక రంగు ఒకేలా ఉంటుందని అందరం అనుకున్నాం. నాలుగు సిరాల ముద్రణలో ఎరుపు అనేది విడిగా ఉండదు. గులాబీ ఛాయ గల మెజెంటా, పసుపు కలిసి ఎరుపుగా కనిపిస్తాయి. ఈ రెండు సిరాలూ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నీలం, నలుపు సిరాలకంటే ముందు వెలుస్తాయి. నలభై డిగ్రీలు దాటే మా ఊరి వేసవి ఒకటి గడిచేసరికి, పడమటి ముఖం ఉన్న బోర్డులో ఎరుపు పాలిపోతుంది. ఒక నెట్‌వర్కు కోసం, పేరు ఇక్కడ అవసరం లేదు, నేను కరకంబాడి రోడ్డులో వేసిన ఫ్లెక్స్ బోర్డులు రెండో వేసవికి ఇటుకపొడి రంగుకు దిగాయి. అదే వీధిలో మా నాన్నగారి కాలపు ఎనామిల్ రాత ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది.

అప్పటినుంచి గుర్తులో ఎరుపు ప్రధానమైన చోట ముద్రణకు పోకుండా, రంగు లోపలి నుంచే కలిసి ఉండే వినైల్ షీటును ఆకారానికి కోసి, ఏసీపీ మీద అంటిస్తున్నాము. ఖర్చు ఎక్కువ. దుకాణదారుకు ఈ తేడా వివరించేటప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ ఉదాహరణ చెబుతాను. అక్కడ ఎరుపు పటిక కట్టిన బట్ట పోగులో కలిసిపోతుంది, పైన పూత కాదు, అందుకే ఎన్ని ఉతుకులైనా నిలుస్తుంది. పైన పరచిన రంగుకు, లోపల ఇమిడిన రంగుకు తేడా మా జిల్లావాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

సరిహద్దు పల్లెలు

నగరి వైపు పని చేసినప్పుడు ఎదురైన విషయం ఒకటి చేర్చాలి. అక్కడి నుంచి తమిళనాడు అడుగు దూరం. టెలికాం లెక్కలో అది వేరే సర్కిల్, అంటే వేరే సేవల పరిధి. ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకుంటే రోమింగ్ ఛార్జీ పడే రోజులలో, ఆ దుకాణాలలో రెండు సర్కిళ్ల సిమ్ములూ అమ్మేవారు. బోర్డు మీద తెలుగు, తమిళం రెండూ కావాలి. కుప్పం వైపు వెళితే కన్నడం కూడా. మూడు లిపుల పేర్లు చేరితే గుర్తుకు చోటు మిగలదు. అలాంటి చోట నేను ముందు గుర్తును పెద్దదిగా నిలబెట్టి, మూడు లిపులనూ కింద ఒకే ఎత్తున, ఒకే మందాన, చిన్న పట్టీలో సర్దుతాను. ఏ భాషవాడైనా ముందు చూసేది గుర్తునే కనుక, గుర్తుకు ఆ పెద్దరికం ఇవ్వడం న్యాయం.

ఇటీవలి మార్పులలో 2024 అక్టోబరు 22న వచ్చిన బీఎస్ఎన్ఎల్ కొత్త గుర్తు ఈ దృష్టితో నాకు ఆసక్తి కలిగించింది. కాషాయ వృత్తంలో భారతదేశ పటం పెట్టారు, కనెక్టింగ్ ఇండియా స్థానంలో కనెక్టింగ్ భారత్ అన్నారు. పేరు మారలేదు, అక్షరాలు మారలేదు, బాణాల ఆలోచన మిగిలింది. అయితే దేశపటం అంచులు సన్నని వంపులతో నిండినవి. ఆరంగుళాల వృత్తంలో అవి నిలవవు. చిన్న బోర్డులకు పటాన్ని ఎంత సరళం చేయవచ్చో ఒక నమూనా మేమే గీసి పెట్టుకున్నాము.

తీర్థకట్ట సందులోని షట్టరు ఇప్పటికీ ఆ తెల్లని నేలతోనే ఉంది. కింది రెండు పలకల మీద, రోజూ చేత్తో లేపి దించే చోట, తెలుపు అరిగి లోపలి రెడాక్సైడ్ కనిపిస్తోంది. ఈ వేసవికి ముందు ఆ రెండు పలకల వరకు గోకి మళ్లీ వేయాలి. "వొడాఫోన్, ఐడియా సిమ్‌లకు" అన్న వాక్యం ఇంకా ఉంచాలా అని దుకాణదారును అడిగితే, ఉంచమన్నాడు. దానికి వాడిన, సూదిబొక్కలు పొడిచిన కాగితం మా వర్క్‌షాపులో గోడకు తగిలించి ఉంది.